చర్చించబడినది

మా అపార్ట్‌మెంటు పేరు సాగరదర్శిని.
కంచరపాలెంలో నాలుగంతస్తులు, ఇరవై గడపలు.
టెర్రస్ ఎక్కి మునివేళ్ల మీద నిలబడితే
పోర్టు క్రేన్ల మెడలు కనిపిస్తాయి.
సముద్రం బిల్డరు మాటల్లోనే ఉండిపోయింది.

మినిట్స్ పుస్తకం నా దగ్గరుంటుంది.
అక్షరాలు గుండ్రంగా ఉంటాయని
ఎవరూ పోటీ చెయ్యని పదవి నాకిచ్చారు.
అరుపుల్ని, బల్ల మీద పడ్డ గుద్దుల్ని,
"మీ కుక్క" దగ్గర మొదలై "మీ తాత" దాకా వెళ్లిన మాటల్ని
ఒక్క ముక్కలోకి మడిచిపెట్టడం నేర్చుకున్నాను:
చర్చించబడినది.

ఆగస్టు సమావేశం. సెల్లారులో, స్కూటర్ల మధ్య.
నాలుగు వందల రెండు, పొట్నూరు అరుంధతి, కేజీహెచ్‌లో నర్సు,
మూడు నెలలుగా మెయింటెనెన్సు కట్టలేదు.
"స్లాబు కారుతోంది. బాగు చేయించండి, కడతాను."
ప్రెసిడెంటు దాడి జోగారావు గారు,
కోక్ ఓవెన్ల దగ్గర ముప్ఫై ఏళ్లు మాడిన మనిషి:
"కట్టండి, బాగు చేయిస్తాం."
ఇద్దరి మాటా ఒకటే, వరసే తేడా.
ఆ వరస మీదే అక్టోబరు వచ్చింది.

కింది ఇంటి బలివాడ సూర్యకాంతం గారిది ఇంకో లెక్క:
"నా నెత్తిన మూడు కొంపలున్నాయి.
వాన నా దాకా రాదు. టెర్రస్‌కి నేనెందుకివ్వాలి?"
చర్చించబడినది.

నీళ్లు కట్టేద్దామన్నారెవరో.
పదకొండు చేతులు లేచాయి.
నా చెయ్యి పెన్ను పట్టుకుని ఉంది కాబట్టి
లేవలేదని చెప్పుకున్నాను.

నోటీసు ఇవ్వాల్సింది నేనే.
వాయుగుండం, కరెంటు లేదు,
మెట్ల మీద సెల్‌ఫోను వెలుగు.
వాచ్‌మన్ సన్యాసి వెనకే వచ్చాడు:
"ఏటండీ బాబూ, రాత్రి డూటీ సేసొచ్చి
ఇంట్లో నీళ్లు తోడుకుంతంది ఆవిడ.
ఆవిడకి నీళ్లు కట్టేత్తారా?"

తలుపు తీసింది.
బయట వాన తగ్గింది కానీ లోపల తగ్గలేదు.
హాల్లో బకెట్టు, మంచం మీద రెండు బేసిన్లు,
టీవీకి గొడుగు.
గోడకి చార్టు. ఆస్పత్రి కాగితమే.
రోగి పేరు దగ్గర: స్లాబు.

రాత్రి రెండు, అర బకెట్టు.
నాలుగు, ముప్పావు. రంగు నలుపు, పోర్టు పొడి.
ఉదయం ఆరు, తగ్గింది. ఇనుము వాసన.
నూట పన్నెండు రోజులు.
ఎక్కడా కొట్టివేత లేదు.
"రాసి పెట్టకపోతే
డాక్టరు నమ్మడు కదండీ," అంది,
బేసిను మారుస్తూ.

నోటీసు జేబులోనే తడిసింది.

ఆదివారం
చార్టు జోగారావు గారి చేతిలో పెట్టాను.
కళ్లద్దాలు నెట్టుకుని, వేలు పెట్టి కిందికి దిగారు,
షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్కు చదివినట్టు.
స్కూటర్ల మధ్య ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.
"జులై ఇరవై మూడు ఖాళీగా ఉందేం?"
"డబుల్ డ్యూటీ సార్. ఇంట్లో లేను."
"అయితే అదే రాయాలి. ఖాళీ వదలకూడదు."
అంతకన్నా మెత్తగా ఆయన మాట్లాడగా నేను వినలేదు.

సగం బాకీ ఇప్పుడు, సగం స్లాబు ఆరాక.
మేస్త్రీ మంగళవారం వచ్చాడు, బుధవారం రాలేదు.
స్లాబు ఇంకా ఆరుతూనే ఉంది.
సూర్యకాంతం గారు సంతకం పెట్టలేదు.

ఆ రాత్రి పుస్తకం తెరిచి
"బడినది" లేకుండా రాయడానికి కూర్చున్నాను.
ఎవరన్నారో రాశాను, ఎవరు విన్నారో రాశాను.
నీళ్లు కట్టేద్దామని లేచిన చేతులకి
పదకొండు పేర్లు పెట్టాను.
పన్నెండో గీత దగ్గర
పెన్ను చాలాసేపు ఆగింది.
తర్వాత, గుండ్రంగా,
నా పేరు రాసుకున్నాను.